రెండో పంపు చప్పుడు

బొగ్గు రైల్లో వెళుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ అరిజోనాలోని ఆ పీఠభూమి మీద గని ఒకచోట, దాని బొగ్గు తినే కరెంటు ఫ్యాక్టరీ నది ఒడ్డున ఎక్కడో దూరాన మరొకచోట ఉన్నాయి. మధ్యలో అన్నీ లోయలూ ఎర్రరాళ్లే. అక్కడ పట్టాలు వెయ్యడానికి అయ్యే ఖర్చు విని కంపెనీవాళ్లకు కళ్లు తిరిగాయి. అందుకని గొట్టం వేశారు. బొగ్గును పిండి కొట్టి, నేల అడుగునుంచి తోడిన నీళ్లలో కలిపి, జావ చేసి, ఆ గొట్టంలోకి తోసేవారు. ఆ జావ దారిలో ఎక్కడా ఆగకూడదు. ఆగిందంటే బొగ్గు అడుక్కి దిగి గొట్టంలోనే రాయిలా గడ్డకడుతుంది. అందుకని దారి పొడుగునా పంపు స్టేషన్లు పెట్టారు. రెండో స్టేషన్ చూసుకునేవాడు డెల్బర్ట్ టొహానీ.

డెల్బర్ట్‌కు యాభై దాటాయి. మనిషి పొడుగు, మాట పొట్టి. స్టేషన్ కంచె లోపల కంపెనీ ఇచ్చిన, చక్రాల మీద లాక్కుపోగల రేకుల ట్రైలర్‌లో ఒక్కడే ఉండేవాడు. భార్య పోయి మూడు చలికాలాలు అయింది. డెల్బర్ట్ వాళ్లు నవాహోలు, ఆ నేల ఆదివాసులు; పోయినవాళ్ల పేరు పైకి అనరు. అంచేత నేనూ అనను.

అతనికి పలకరింపంటూ ఉంటే ఫోనులో ఓర్విల్‌దే. ఓర్విల్ గని దగ్గరి కంట్రోల్ రూములో కూర్చుని, గంటకోసారి అన్ని స్టేషన్ల ఒత్తిడీ కనుక్కునే తెల్లవాడు.

"ఏమోయ్ రెండో నంబరూ, బతికే ఉన్నావా?"

"ఒత్తిడి సరిగ్గానే ఉంది."

"నిన్నడిగింది నీ సంగతోయ్, గొట్టం సంగతి కాదు."

"నేనూ సరిగ్గానే ఉన్నా."

"రైలన్నా నయం, పోతూ పోతూ ఓ కూత వేస్తుంది. నువ్వూ నీ గొట్టమూ ఒకటే జాతి. కడుపులో ఏముందో పైకి చెప్పి చావరు."

డెల్బర్ట్ నవ్వేవాడు. ఆ నవ్వు ఫోను పెట్టేశాక వచ్చేది, కాబట్టి ఓర్విల్‌కు ఎప్పుడూ వినపడలేదు.

కంటికి ఆనే దూరంలో ఉన్న మరో మనిషి నానబా, అతని అత్తగారు. స్టేషన్ నుంచి చూస్తే పల్లం అవతల ఆమె హోగన్ కనపడుతుంది. మట్టి కప్పిన గుండ్రటి ఇల్లు, పక్కన గొర్రెల దొడ్డి, వెనక ఎండిపోయిన వాగు. ఆవిడ ఊట చాలా ఏళ్ల కిందటే ఇంకిపోయింది. గొట్టం తాగేసిందని ఊళ్లోవాళ్లు, వానల్లేక పోయిందని కంపెనీవాళ్లు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. ఎవరి మాట నిజమైనా ముసలావిడకు నీళ్లు కావాలి కదా. అందుకని డెల్బర్ట్ స్టేషన్ కుళాయి నుంచి పీపాలు నింపి తన ట్రక్కులో తీసుకెళ్లి ఇచ్చేవాడు. పొయ్యిలోకి ఒక బస్తా బొగ్గు కూడా పడేసి వచ్చేవాడు.

ఇచ్చేవాడే గాని, ఆవిడ మొహం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. నవాహో అల్లుడు అత్తగారిని చూడకూడదు, అత్తగారు అల్లుణ్ని చూడకూడదు. చూస్తే కళ్లు పోతాయి. ఈ కాలం పిల్లలు దీనికి నవ్వేసి, అత్తలతో ఒకే బల్ల దగ్గర కూర్చుని పిజ్జాలు తింటున్నారనుకోండి. నానబా ఈ కాలం మనిషి కాదు. డెల్బర్ట్ కూడా కాదు. వాళ్ల భాషలో అత్తగారిని చెప్పుకునే మాటకు అర్థమే 'నేను చూడని ఆవిడ' అని.

కాబట్టి అతను దొడ్డి మలుపులో ఆగి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు దగ్గర దుప్పటి దించేది. అతను తల వంచుకుని వచ్చి నీళ్లు పోసేవాడు. పీపా మూత మీద గుడ్డలో చుట్టి రొట్టె, ఒక్కోసారి వేపిన గొర్రెమాంసం ఉండేవి. అవి తీసుకుని వెళ్లిపోయేవాడు. భార్య ఉన్నన్నాళ్లూ ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసింది ఆమే. ఆమె పోయాక ఇద్దరి మధ్యా మిగిలినవి ఆ హారనూ ఆ రొట్టే.

ఆ రొట్టె కూడా ఏడాదిగా తేడాగా ఉంటోంది. ఒకపక్క నల్లగా మాడేది. ఇంకోసారి నోట పెట్టలేనంత ఉప్పు ఉండేది. డెల్బర్ట్ దాన్ని నములుతూ ఆలోచించేవాడు. భార్య పోయిన మగవాడు తన తల్లివైపు వాళ్ల దగ్గరకు వెళ్లిపోవాలి. నవాహోల్లో నేలా గొర్రెలూ ఆడవాళ్లవే, ఇల్లు అత్తగారిదే. పెళ్లాం లేని అల్లుడికి అక్కడ ఏం పని? తల్లి ఎప్పుడో పోయింది. చెల్లెలు ఉంది గానీ, అతను వెళ్లి గుమ్మంలో నిలబడితే ఆమె మొగుడు టీవీ గొంతు పెంచుతాడు. డెల్బర్ట్ వెళ్లలేదు. పంపు తిరుగుతున్నంతకాలం ఇక్కడెందుకున్నావని అడిగినవాళ్లూ లేరు. ముసలావిడ నోటితో అడగలేక రొట్టెతో అడుగుతోందని అతనికి అనుమానం.

ఆ శీతాకాలంలో కబురు వచ్చింది. నది ఒడ్డున ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. ఇక బొగ్గు అక్కర్లేదు. నెలాఖరుకు గొట్టం ఆపేసి, కరెంటు పీకేసి, ట్రైలర్ పట్టుకుపోతారు.

ట్రైలర్ పోతున్నందుకు డెల్బర్ట్‌కు బాధ లేదు. పల్లం అవతల, దొడ్డికి ఆవల ఏదో ఒక మూల చిన్న గుడిసె వేసుకుని ఉండిపోవాలని అతని కోరిక. ఉండమనే హక్కు నానబాది. అత్తతో నేరుగా మాట్లాడటమూ కూడదు, అడగాలంటే మధ్యన ఒక మనిషి కావాలి. ఆ మనిషే పోయింది.

భార్య అక్క కూతురు లావెర్న్ నెలకోసారి టూబా సిటీ నుంచి అమ్మమ్మకు సరుకులు తెస్తుంది. బడి బస్సు నడుపుతుంది కాబట్టి ఆమె గొంతు ఎప్పుడూ వెనక సీటు దాకా వినపడేలా ఉంటుంది. ఆ నెల స్టేషన్ దగ్గర ఆగి, అతనిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి కప్పులోకి చూసింది.

"బాబాయ్, ఇది తాగేదా, గొట్టంలో పోసేదా?"

"నీకొద్దంటే గొట్టంలో పొయ్యి. అవతల ఎవరో ఒకరు తాగుతారు."

"ఓయమ్మో, బాబాయ్ జోకేశాడు! ఏదో కావాలన్నమాట. చెప్పు."

డెల్బర్ట్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "మీ అమ్మమ్మని ఒక మాట అడగాలి."

"ఏమని?"

"నేనుండచ్చా అని."

"ఎక్కడ?"

"అక్కడే. దొడ్డికి అవతల. ఆవిడ కంటబడకుండా ఉంటా. నీళ్లు తెచ్చిపెడతా, గొర్రెల్ని చూసుకుంటా."

"దీనికింత నంగినంగిగా ఏంటి? పిల్లనివ్వమని అడిగినట్టు!" అంది లావెర్న్. అన్నాక నాలిక్కరుచుకుంది. ఎందుకంటే పిల్లను అడిగిన రోజున కూడా అతను ఇలాగే బూట్లు చూసుకున్నాడని వాళ్లింట్లో అందరూ చెప్పుకునేవారు. "సరే, అడుగుతా. ముసలిది ఈమధ్య ఉలకదూ పలకదూ. కాఫీ పోస్తే కప్పులో సగం, బల్ల మీద సగం. నేను తుడవబోతే కసురుతుంది."

ఆమె పల్లం దాటి వెళ్లింది. డెల్బర్ట్ పంపు గదిలోకి వెళ్లి తుడిచిన మోటారునే మళ్లీ తుడిచాడు. తిరిగొచ్చి ట్రక్కు దిగకుండానే అద్దం దించింది లావెర్న్.

"అడిగా బాబాయ్."

"ఏమంది?"

"నీ గురించి ఏమీ అనలేదు. 'పంపు ఎప్పుడాగుతుంది?' అంది."

"అంతేనా?"

"అంతే. నెలాఖరుకని చెప్పా. 'నెలాఖరుదాకా తిరుగుతుంది కదా' అని మళ్లీ అడిగింది. తిరుగుతుందన్నా." లావెర్న్ అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకు బాబాయ్. ముసల్ది."

అనుకోవడానికి ఇంకేముంది? పంపు ఎప్పుడాగుతుందంటే, నువ్వెప్పుడు పోతావని. డెల్బర్ట్‌కు అలాగే అర్థమైంది. ఆ వేళనుంచి సామాను అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాడు. సామాను కొంచెమే, పని చటుక్కున అయిపోయింది. అంత త్వరగా అయిపోయినందుకు అతనికి ఏడుపొచ్చింది.

నెలాఖరు ఇంకా రాలేదు. మంచు కురిసి తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం ఓర్విల్ ఫోను చేశాడు. ఆరోజు అతను ఎగతాళి చెయ్యలేదు.

"ఆఖరి జావ నిన్ననే నిన్ను దాటిపోయింది. ఇప్పుడు నీ దగ్గర నడిచేది వట్టి నీళ్లు. నది దగ్గర బాయిలర్లు ముందే ఆర్పేశారట. నెలాఖరుదాకా ఎందుకు, ఇవాళే ఆపెయ్యమంటున్నారు."

"ఇవాళేనా?"

"ఇప్పుడే. కరెంటు మాత్రం రేపు పీకుతారు. ఆపేశాక ఫోన్ చెయ్యి." మళ్లీ అన్నాడు ఓర్విల్: "ఇన్నేళ్లలో మనం రెండుసార్లే కలిశాం, తెలుసా? నువ్వు పొడుగ్గా ఉంటావని గుర్తు. మొహం గుర్తు రావట్లేదు."

డెల్బర్ట్ మీటలు ఒకదాని తర్వాత ఒకటి దించాడు. మోటార్లు మూలుగుతూ నెమ్మదించి ఆగిపోయాయి. నిద్రలో, మెలకువలో, భార్య మంచాన పడ్డ రోజుల్లో, ఆమెను సాగనంపి వచ్చిన సాయంత్రం కూడా ఆగని చప్పుడు అది. ఇప్పుడు తన ఊపిరి తనకే వినపడి అతనికి భయమేసింది.

కుళాయి కట్టేసేలోపు ఆఖరుసారి పీపాలు నింపుకుని పల్లం దాటాడు. దొడ్డి మలుపులో రెండుసార్లు హారన్ కొట్టి ఆగాడు. తల వంచుకుని దిగాడు. దుప్పటి దింపి లేదు. పొయ్యి గొట్టంలోంచి పొగ రావట్లేదు. గొర్రెలు దొడ్డి బయట, మూసిన గేటుకు ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. కుక్క వాటి మధ్యన అటూ ఇటూ తిరుగుతోంది. మనిషి లేదు.

"నేనే!" అని అరిచాడు గోడవైపు తిరిగి.

మంచులో అడుగుజాడలు స్పష్టంగా ఉన్నాయి. గొర్రెలతో వెళ్లిన జాడలు తిన్నగానే ఉన్నాయి. తిరిగొచ్చే జాడలు కూడా కొంతదూరం తాడు పట్టి గీసినంత తిన్నగా వచ్చాయి. తర్వాత ఒకచోట ఆగిపోయాయి. అక్కడ మంచంతా తొక్కి ఉంది. ఆవిడ నిలబడి అన్ని దిక్కులకూ తిరిగింది. ఆపైన జాడలు ఇంటివైపు కాకుండా వాగువైపు మళ్లాయి. వాగు గట్టు రెండు నిలువుల లోతు ఉంటుంది.

అతను పరుగెత్తాడు. జునిపర్ చెట్ల అవతల ముదురెరుపు పావడా కనిపించింది. వెనకనుంచి చూస్తే తప్పులేదని ఎవరైనా అన్నారో లేదో అతనికి తెలియదు గానీ, చూశాడు. నానబా రెండు చేతులూ ముందుకు చాపి, గాలిని తడుముకుంటూ నడుస్తోంది.

"అత్తా! ఆగు! అటు వాగు ఉంది!"

ఆ గొంతు వినగానే ముసలావిడ శాలువా లాగి మొహం కప్పుకుంది. చూడకూడనివాడు వస్తున్నాడని గబగబా అతనికి దూరంగా, వాగువైపే నాలుగు అడుగులు వేసింది. అతను ఇంకోసారి పిలిచాడు. ఆవిడ ఇంకా వేగంగా నడిచింది. తను ఎంత పిలిస్తే ఆవిడ అంత గట్టుకు దగ్గరవుతుందని తెలిసి డెల్బర్ట్ నోరు మూసుకున్నాడు. వెంటబడి పట్టుకుందామంటే ఆవిడ పరుగందుకుంటుంది.

అతను అలా నోరు మూసుకుని నిలబడ్డప్పుడు ఆవిడ కూడా ఆగింది. తల ఓ పక్కకు వంచి వింటోంది. స్టేషన్ ఉండే దిక్కు కోసం వెతుకుతోంది. అప్పుడు అర్థమైంది అతనికి, పంపు ఎప్పుడాగుతుందని ఆవిడ ఎందుకు అడిగిందో.

అతను ట్రక్కు దగ్గరకు పరుగెత్తాడు. పల్లం ఎలా దాటాడో అతనికే తెలియదు. స్టేషన్‌కు సొంత నీటి మడుగు ఒకటుంది. గొట్టంలోకి పోకుండా ఆ నీళ్లు ఆ మడుగులోకే తిరిగి పడేటట్టు వాల్వులు తిప్పాడు. మీటలు ఎత్తాడు. ఒక మోటారు దగ్గి ఆగిపోయింది. రెండోది అందుకుంది. మొదటిదాన్ని మళ్లీ ఎత్తాడు. కాళ్ల కింద నేల అదరడం మొదలైంది.

వెంటనే ఫోను మోగింది.

"రెండో నంబరూ! నా బోర్డు మీద నీ మోటార్లు తిరుగుతున్నాయేంటి?"

"అవును, తిరుగుతున్నాయి."

"ఆపమన్నాను కదోయ్!"

"ఒక ముసలావిడ ఇల్లు చేరాలి ఓర్విల్. ఆవిడకి చూపు లేదు. ఈ చప్పుడు పట్టుకుని నడుస్తుంది."

ఓర్విల్ గొంతులోంచి కోపం పోయింది.

"ఎవరావిడ?"

"మా అత్తగారు."

"వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు కదా?"

"కూడదు."

ఓర్విల్ నవాహోల మధ్య ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినవాడు. ఎందుకని అడగలేదు. "ఎంతసేపు కావాలి?" అన్నాడు.

"పొయ్యి పొగ కనపడేదాకా."

"బోర్డు మీద అద్దం బాగా మురికిపట్టింది. నాకేం కనపడట్లేదు" అని ఫోను పెట్టేశాడు ఓర్విల్.

డెల్బర్ట్ బయటకు వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు ఆ రేకు పొగగొట్టం మీదనుంచి తియ్యలేదు. కిందికి చూస్తే నడిచొచ్చే మనిషి కనపడుతుందని భయం, కనపడకపోతుందేమోనని అంతకన్నా భయం. ఇంతకాలం తను పంపు తిప్పింది ఎవరో ఎక్కడో దీపాలు వేసుకోవడానికని అనుకున్నాడు. పల్లం అవతల ఒక మనిషి ఆ చప్పుడుతో దొడ్డికి వెళ్లి ఇంటికి తిరిగొస్తోందని ఒక్కనాడూ అనుకోలేదు. చలికి వేళ్లు కంచెకు అతుక్కున్నాయి. అయినా అలాగే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా పొగ లేచింది. మొదట సన్నగా, తర్వాత బొగ్గు అంటుకుని నల్లగా.

అతను మోటార్లు ఆపకుండానే ట్రక్కు ఎక్కాడు. మలుపులో హారన్ కొట్టి, గొర్రెల్ని దొడ్లోకి తోలి, నీళ్లు పోసి, హోగన్ గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆవిడ ఊపిరి లోపల్నుంచి వినపడుతోంది. మాట చేరవేసేవాళ్లు లేరు, తనే చెప్పక తప్పదు.

"గొర్రెల్ని దొడ్లో పెట్టాను. నీళ్లు పోశాను. రేపు కరెంటు పీకేస్తారు, ఇక పంపు తిరగదు. అది చెబుదామని వచ్చాను" అన్నాడు.

"నెలాఖరుదాకా తిరుగుతుందంది ఆ బస్సుపిల్ల."

"నేనూ అలాగే అనుకున్నా."

"ఈలోగా దొడ్డిదాకా తాడు కట్టుకుందామనుకున్నా. కట్టేవాళ్లు లేక ఆలస్యమైంది." మళ్లీ అడిగింది: "నువ్వు మీ అమ్మవాళ్ల వైపు వెళ్లిపోతావా?"

"వెళ్లమనే కదా నువ్వు చెప్పింది."

"నేనెప్పుడన్నా?"

"రొట్టె మాడ్చి పెట్టావు. ఏడాదినుంచీ."

లోపల ముసలావిడ నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత దగ్గొచ్చేలా. "ఓరి వెర్రివాడా! కనపడక మాడిందిరా. పెనం ఎక్కడుందో తడుముకుని చేస్తున్నా. మాడిందనీ తెలియదు. తిన్నావా మరి?"

"తిన్నాను."

"అంతా తిన్నావా? ఉప్పుది కూడా?"

"అంతా తిన్నాను."

ఆవిడ నవ్వు ఆగింది. "లోపలికి రా" అంది.

డెల్బర్ట్ కదల్లేదు. "అత్తా, అది..."

"దాన్ని మట్టిలో పెట్టిన రోజు నేను ట్రక్కులో దుప్పటి కప్పుకుని కూర్చున్నా. బయట ఎవడో గొర్రెపిల్లలా ఏడుస్తున్నాడు. నా కూతురి కోసం నాకంటే గట్టిగా ఏడ్చేది ఎవడా అనిపించింది. దుప్పటి తీసి చూశా. తెలిసే చూశా. చూడాల్సినంతసేపు చూశా. ఆ తర్వాతి చలికాలం నుంచి మసక మొదలైంది. ఆస్పత్రివాళ్లు ఏదో పొర అన్నారు. నాకు తెలుసు ఎందుకో." గొంతులో ఏ విచారమూ లేదు. "నాకేం కష్టంగా లేదు. ఏడ్చేవాడొకడు ఉన్నాడని చూసుకున్నా. రా, చలి లోపలికొస్తోంది."

అతను దుప్పటి తప్పించుకుని లోపలికి వెళ్లాడు. కళ్లు నేల మీదే. మట్టి నేల, పొయ్యి కాళ్లు, తడిసిన పావడా అంచు, ఒళ్లో వేళ్లు మడుచుకున్న రెండు చేతులు.

"ఎక్కడ ఉండమంటావు నన్ను?" అన్నాడు. ఆ ప్రశ్న అడగడానికి అతనికి మూడేళ్లు పట్టింది.

"దొడ్డి అవతల ఎందుకు, మంచు పడితే కూరుకుపోతావు. ఈ గోడ పక్కన వేసుకో గుడిసె. నువ్వు తిరుగుతుంటే చప్పుడు వినపడాలి నాకు. పంపు ఎలాగూ లేదు."

డెల్బర్ట్‌ తల ఊపాడు. ఊపితే ఆవిడకు తెలియదని గుర్తొచ్చి "సరే" అన్నాడు.

"నేల చూస్తూ మాట్లాడుతున్నావు. గొంతు అటే వస్తోంది. తలెత్తు."

"కళ్లు పోతాయి అత్తా."

"ఆ కట్టుబాటు ఒక ఇంటికి ఒక జత కళ్లు తీసుకుంది, చాలదూ? ఇద్దరిలో ఒకరన్నా చూడకపోతే ఆ వాగులో ఇద్దరం పడతాం. ఎత్తు."

చిన్నప్పటినుంచి ఒంట్లో ఇంకిపోయిన భయం అంత తేలిగ్గా పోదు. అతను చేతుల దగ్గర ఆగాడు, తర్వాత మెడలోని పచ్చరాళ్ల దండ దగ్గర ఆగాడు. ఆపైన చూశాడు.

అది తన భార్య మొహం. అదే నుదురు, నవ్వడానికి ముందు ఎడమవైపుకు కాస్త వంగే అవే పెదాలు. జుట్టు తెల్లబడింది, చెంపలు జారాయి, చర్మం నిండా సన్నని గీతలు పడ్డాయి. కలిసి ముసలివాళ్లం అవుదామని ఆమె అంటూ ఉండేది. అవకుండానే వెళ్లిపోయింది. ఆమె ముసలితనం ఎలా ఉండేదో ఈ జన్మలో చూడలేనని అతను మూడేళ్లుగా ఏడ్చాడు. అది పల్లం అవతల, తను తల వంచుకుని నీళ్లు పోసి వెళ్లే చోట, ఒక దుప్పటి వెనక ఉంది.

"ఏం, మాట్లాడవేం?" అంది నానబా. "ఎలా ఉన్నాను?"

ఆమెలాగే ఉన్నావని చెప్పాలనుకున్నాడు. పోయినవాళ్లను పైకి తలుచుకోకూడదు.

"ఉండత్తా," అన్నాడు డెల్బర్ట్, "ఇంకాసేపు చూడనీ."